క్లినిక్ ట్యాంకులో యూవీ: మొదట నేనే వద్దన్నాను, తర్వాత నేనే బిగించాను

గురువారం రాత్రి పదింటికి ఫోన్. “మా బ్లూ ట్యాంగ్ మీద ఎవరో బొంబాయి రవ్వ చల్లినట్టుందండీ” అన్నారు డాక్టర్ గారు. ఒక్క మాటలో ఇంత చక్కగా చేప రోగలక్షణం చెప్పిన క్లయింటు, అక్వేరియాలు చూసుకునే నాకు, ఇంతవరకు తగల్లేదు. పళ్ల డాక్టరు కదా, చూసింది చూసినట్టు చెప్పడం అలవాటై ఉంటుంది.

హైదరాబాద్‌లో ఆవిడ క్లినిక్ వెయిటింగ్ హాల్లో ఆరడుగుల ఉప్పునీటి ట్యాంకు ఉంది. వెడల్పు రెండడుగులు, ఎత్తు రెండడుగులు. రాళ్లు తీసేసి, కింద సంప్ కలిపి లెక్కేస్తే 620 లీటర్ల దాకా నీళ్లు. ఆర్వో నీళ్లలో ఉప్పు మిక్స్ కలిపి 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) దగ్గర, చిల్లర్‌తో 26 డిగ్రీల దగ్గర నడుపుతున్నాం. పగడాల్లేవు. రాతి పగడాలు 2001 నుంచీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఎక్కణ్నుంచి వచ్చాయో కాగితం చూపించలేని ముక్క నేను ముట్టుకోను. కాబట్టి ఇది చేపల ట్యాంకే: రెండు క్లౌన్లు, ఒక బ్లూ ట్యాంగ్, ఒక ఫాక్స్‌ఫేస్, ఐదు క్రోమిస్‌లు, కొన్ని నత్తలు, ఒక క్లీనర్ ష్రింప్. వీటితోపాటు, నాకు చెప్పకుండా ఆరు రోజుల క్రితం తెచ్చి తిన్నగా ట్యాంకులో వదిలిన ఒక పౌడర్ బ్లూ ట్యాంగ్.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. చుక్కలు లెక్కపెట్టగలిగేలా విడివిడిగా ఉన్నాయి. బ్లూ ట్యాంగ్ రాయికేసి ఒళ్లు రుద్దుకుంటోంది, అయినా మేత వేస్తే వచ్చి తింటోంది. పౌడర్ బ్లూ మాత్రం తినడం మానేసింది. ఇది వెల్వెట్ అనే ఇంకో చేపల రోగం కాదని అక్కడే తేల్చుకున్నాను. వెల్వెట్ అయితే చుక్కలు రవ్వలా ఉండవు, ముఖానికి పౌడరు అద్దినట్టు సన్నగా ఉంటాయి. చేప వెలుతురుకు దూరంగా పోతుంది, పంపు ధారకు ఎదురుగా నిలబడి మొప్పలు ఎగరేస్తుంది, రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుంది. ఇక్కడున్నది మామూలు మెరైన్ ఇచ్, అంటే క్రిప్టోకేర్యాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి.

డాక్టర్ గారు అప్పటికే నిర్ణయం తీసుకుని కూర్చున్నారు. “ఉన్న యూవీ చిన్నది కదా, 55 వాట్లది పెట్టేద్దాం. పోయినసారి కూడా యూవీ పెట్టాకే తగ్గింది.”

యూవీ అంటే, అతినీలలోహిత ల్యాంపు ఉన్న గొట్టంలోంచి నీళ్లు పంపి క్రిములను చంపే పరికరం. పోయినసారి అంటే రెండేళ్ల క్రితం, నేను ఈ ట్యాంకు చూడటం మొదలుపెట్టకముందు.

ఉన్న యూవీ సంగతి

ముందు పాతదాన్ని విప్పాను. 11 వాట్ల ల్యాంపు. ట్యాంకు అమ్మినవాళ్లు దాన్ని సంప్ నుంచి నీళ్లు తిరిగి పైకి పంపే, గంటకు 3,000 లీటర్ల రిటర్న్ పంపు పైపుకే బిగించి వెళ్లారు. లోపల గాజు తొడుగు మీద, రోజూ నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే పొరలాంటిది, తెల్లగా గోధుమరంగుగా మందంగా పట్టింది. వేలితో గీస్తే గోరు కింద పొడి వచ్చింది. తొడుగు చివరనున్న ప్లాస్టిక్ మూత వంకరపోయి ఉంది. ఎందుకో వైరు పట్టుకుని వెతుకుతూ పోతే తెలిసింది: యూవీ ప్లగ్గు రిసెప్షన్ లైట్లతోపాటు ఇన్వర్టర్ మీద ఉంది, పంపు లేదు. కరెంటు పోయిన ప్రతిసారీ పంపు ఆగుతుంది, ల్యాంపు మాత్రం నిలవ నీటిని కాస్తూ కూర్చుంటుంది.

“కానీ నీలం వెలుగు వస్తోందిగా” అన్నాడు కాంపౌండరు.

కంటికి కనిపించే ఆ నీలం వెలుగుకూ క్రిములను చంపడానికీ సంబంధం లేదు. పనిచేసేది 254 నానోమీటర్ల కిరణం, అది మనకు కనపడదు. ల్యాంపు సుమారు 8,000 నుంచి 9,000 గంటలు నడిచాక, అంటే ఏడాది అయ్యేసరికి, ఆ కిరణం బాగా పడిపోతుంది. నీలం వెలుగు ఆ తర్వాత కూడా చాలాకాలం వస్తూనే ఉంటుంది. ఈ ల్యాంపు రెండేళ్లుగా ఆగకుండా వెలుగుతోంది. లెక్కేస్తే 17,500 గంటలు.

ఇందులో నా తప్పూ ఉంది. ఎనిమిది నెలలుగా వారం వారం వెళ్తున్నాను. స్కిమ్మర్ (నీళ్లలోని మురికిని నురగగా లాగే పరికరం) కప్పు కడిగాను, గ్లాసు తుడిచాను, నీళ్లు మార్చాను. ఆ యూవీని ఒక్కసారి కూడా విప్పలేదు. వెలుగుతోంది కదా అని నేనూ వదిలేశాను.

సరే, ల్యాంపు కొత్తది, తొడుగు శుభ్రమైనది అయినా ఆ అమరిక పనికొచ్చేది కాదు. లోపలి గది ఒక లీటరు పడుతుందనుకుందాం. గంటకు 3,000 లీటర్లంటే సెకనుకు 0.83 లీటరు. ప్రతి నీటిబొట్టూ ల్యాంపు ముందు ఉండేది ఒక సెకను, ఇంకొంచెం. యూవీ డోస్ అంటే కిరణం బలాన్ని అది తగిలిన సమయంతో గుణించడమే. అదే గదిలోంచి గంటకు 600 లీటర్లు పంపితే ఆరు సెకన్లు దొరుకుతాయి, డోస్ ఐదు రెట్లవుతుంది. నీళ్లలో తేలే బ్యాక్టీరియాకు చదరపు సెంటీమీటరుకు 15,000 నుంచి 30,000 మైక్రోవాట్ సెకన్లు చాలంటారు. ఇచ్ లాంటి ఏకకణ జీవులకు, అంటే ప్రోటోజోవాకు, 90,000 నుంచి మొదలుపెట్టి ఇంకా పైకి చెబుతారు. ఒకే పరికరానికి డబ్బా మీద రెండు మూడు ఫ్లో రేట్లు రాసి ఉండేది ఇందుకే. అమ్మేవాళ్లు పెద్ద అంకె చెబుతారు, మనకు కావాల్సింది చిన్న అంకె.

హ్యాచరీలో పనిచేసింది ఇక్కడ ఎందుకు చేయదు

నేను యూవీకి వ్యతిరేకిని కాదు. ఈ పనిలోకి రాకముందు భీమిలి దగ్గర ఒక రొయ్యల హ్యాచరీలో నాలుగేళ్లు నీళ్ల సెక్షన్ చూశాను. సముద్రపు నీళ్లు తోడి, ఇసుక ఫిల్టరు, క్లోరిన్, ఆ క్లోరిన్‌ను విరిచే మందు, సన్నటి కార్ట్రిడ్జ్ ఫిల్టర్లు, ఇన్ని దాటాక చివర్లో యూవీ. దాని తర్వాతే లార్వా ట్యాంకు. అక్కడ యూవీ లేకుండా నడపమంటే నేను ఒప్పుకోను.

కానీ అక్కడ నీళ్లు ఒక్కసారే, ఒకే దిక్కుగా పోతాయి. లార్వాను చేరే ప్రతి బొట్టూ ల్యాంపు ముందు నుంచి పోవాల్సిందే, ఇంకో దారి లేదు. అది గేటు దగ్గర నిలబెట్టిన కాపలా. క్లినిక్ ట్యాంకులో దొంగ ఇంట్లోనే ఉన్నాడు. వాడు గేటు దాకా ఎందుకు వస్తాడు?

డాక్టర్ గారికి ఒక అపాయింట్‌మెంట్ కాగితం వెనక బొమ్మ గీసి చెప్పాను. చేప మీద కనిపించే చుక్క, చర్మం కింద దూరి తింటున్న దశ. మూడు నుంచి ఏడు రోజులు అక్కడే ఉంటుంది. దాన్ని యూవీ తాకలేదు, ఎందుకంటే అది చేపలో ఉంది. తిని బలిశాక రాలి ఇసుక మీదో రాయి మీదో పడి, గట్టి పెంకు కట్టుకుంటుంది. అక్కడా యూవీ తాకలేదు. ఆ పెంకు లోపల చీలిపోయి, 200 దాకా పిల్లలవుతాయి. మామూలుగా 3 నుంచి 28 రోజుల్లో బయటికొస్తాయి. మరీ ఆలస్యంగా 72 రోజులకు వచ్చినట్టు కూడా నమోదైంది. బయటికొచ్చి ఈదే పిల్ల దశ ఒక్కటే యూవీకి చిక్కుతుంది. ఆ పిల్లకు బలం ఎక్కువగా ఉండేది మొదటి ఆరు నుంచి ఎనిమిది గంటలు. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతుంది.

అయితే అవి పెంకు పగలగొట్టుకుని బయటికొచ్చేది ఎక్కువగా చీకట్లో, తెల్లవారకముందు. చేపలు అప్పుడు రాళ్ల సందుల్లో కదలకుండా నిద్రపోతుంటాయి. బ్లూ ట్యాంగ్ ప్రతి రాత్రీ ఒకే బొరియలో పడుకుంటుంది. ఒంటి మీద చుక్కలు రాలింది ఆ బొరియ నేల మీదే. పిల్లలు పుట్టేదీ అక్కడే. జానెడు దూరంలో చేప ఉండగా అవి ఆరడుగులు ఈది, ఓవర్‌ఫ్లో దూకి, సంప్ దాటి యూవీ గొట్టంలోకి వస్తాయని ఆశ పెట్టుకోవడమే ఈ పథకం.

లెక్క కూడా చూపించాను. గంటకు 620 లీటర్లు యూవీలోంచి నడిపితే గంటలో ట్యాంకు నీళ్లన్నీ దాటేశాయని అనిపిస్తుంది. అలా జరగదు. దాటిన నీళ్లు మళ్లీ వచ్చి దాటని నీళ్లలోనే కలుస్తాయి. బాగా కలిసే ట్యాంకులో మొదటి గంటకు 63 శాతం, రెండో గంటకు 86, మూడో గంటకు 95. బొరియలో నీళ్లు బాగా కలవవు కాబట్టి అక్కడ ఇంకా తక్కువ. మూడు గంటల్లో ఆ పిల్లలు వెతుక్కునే చేపను చేరి చర్మంలో దూరిపోతాయి.

“మరి పోయినసారి తగ్గింది కదా?”

కాకి వాలగానే తాటిపండు పడినట్టు తగ్గింది. చుక్కలు కనిపించిన ఐదో రోజుకో ఆరో రోజుకో ఎలాగూ రాలిపోతాయి. అది రోగం తగ్గడం కాదు, రోగం ఇసుకలోకి దిగడం. సరిగ్గా ఆ సమయానికి ఏం చేస్తే దానికి పేరొస్తుంది: వెల్లుల్లి మేతకి, క్లీనర్ ష్రింపుకి, యూవీకి. మళ్లీ రెండు మూడు వారాలకు చుక్కలు ముందుకన్నా ఎక్కువగా వచ్చాయా అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, “అప్పుడే కదా ఎల్లో ట్యాంగ్ పోయింది” అన్నారు.

న్యాయంగా చెప్పాలంటే, పెద్ద యూవీ, మంచి మేత, తక్కువ చేపలు పెట్టుకుని ఇచ్‌తోనే ఏళ్ల తరబడి కాపురం చేసేవాళ్లున్నారు. తట్టుకుని బతికిన చేపలకు కొంత నిరోధశక్తి వస్తుంది, యూవీ పిల్లల సంఖ్యను కొంత తగ్గిస్తుంది, ఆ రెండూ కలిసి పరిస్థితి చెయ్యి దాటకుండా ఉంటుంది. ఇంట్లో రోజూ నాలుగుసార్లు చేపల ముఖం చూసేవాళ్లు అలా చేసుకోవచ్చు. ఇది క్లినిక్. ఆదివారం ఎవరూ ఉండరు. పైగా ఉన్నవి ట్యాంగ్‌లు, ఇచ్ ముందుగా పట్టుకునేదే వాటిని. కాబట్టి యూవీ వద్దన్నాను. ఆ 55 వాట్ల దాని ఖరీదులో సగం పెడితే రెండు టబ్బులు, కాపర్ మందు, కాపర్ కొలిచే మీటరు అన్నీ వస్తాయని చెప్పాను.

చేసిన వైద్యం

శుక్రవారం సాయంత్రం క్లినిక్ మూసేశాక ట్యాంకులో సగం నీళ్లు తోడి రాళ్లు బయటపెట్టి చేపలన్నిటినీ పట్టాం. రాళ్లు తీయకుండా వలతో బ్లూ ట్యాంగ్‌ను పట్టాలనుకునే వాళ్లకు ఓపిక, ఆయుష్షు రెండూ ఎక్కువుండాలి. ఎక్స్‌రే గది పక్కనున్న స్టోరు గదిలో 200 లీటర్ల ఫైబర్ టబ్బులు రెండు పెట్టాం. ఒక్కోదాంట్లో సంప్‌లో నానిన స్పాంజి ఫిల్టరు, ఎయిర్ పంపు, హీటరు, దాక్కోవడానికి పీవీసీ టీలు, ఎల్బోలు.

చిలేటెడ్ కాపర్ అనే రాగి మందును మూడు రోజుల్లో మెల్లగా 2 పీపీఎం దాటించి, 2.0 కీ 2.5 కీ మధ్య 30 రోజులు నిలబెట్టాం. ఒక్క హెచ్చరిక చెప్పాలి: కాపర్ మందుల్లో రకాలున్నాయి. ఒక రకం 0.5 పీపీఎం దగ్గరే పనిచేస్తుంది. ఒక సీసా అంకెను ఇంకో సీసాకు వాడితే చేపలు మిగలవు. రోజూ కొలిచి పుస్తకంలో రాయడం కాంపౌండరు పని. అతను ఒక్కరోజు కూడా తప్పలేదు, అమ్మోనియా పెరిగిన రెండుసార్లూ నాకు ఫోన్ చేసి చెప్పాడు. టబ్బుల్లో మందును పీల్చేసే కార్బన్ పెట్టలేదు. యూవీ కూడా. మందు వేసిన నీళ్లలో యూవీ నడిపితే మందు విరిగిపోయే ప్రమాదం ఉంటుంది.

పౌడర్ బ్లూ నాలుగో రోజు పోయింది. ఒక క్రోమిస్ పదకొండో రోజు పోయింది. మిగతావి బతికాయి.

ఇక పెద్ద ట్యాంకు. అందులో చేప అనేది లేకుండా 76 రోజులు ఖాళీగా ఉంచాలన్నది మా లెక్క, ఆ 72 రోజుల రికార్డుకు నాలుగు రోజులు కలిపి. నత్తలకు, ష్రింపుకు ఇచ్ పట్టదు కాబట్టి అవి అక్కడే ఉన్నాయి. వెయిటింగ్ హాల్లో చేపల్లేని ట్యాంకు చూసి పేషెంట్లు అడుగుతుంటే, “వాటికీ రూట్ కెనాల్ చేస్తున్నాం” అని చెప్పేవారట డాక్టర్ గారు.

52వ రోజు

రెండో కథ ఇక్కడ మొదలైంది. చేపల్లేవు, మేత లేదు, స్కిమ్మర్ మాత్రం నడుస్తోంది. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. నీళ్లు అద్దంలా ఉన్నాయని సంతోషించిన రోజులవి. 52వ రోజున వెళ్లేసరికి రాళ్ల మీద గోధుమరంగు జిగురు, దాంట్లో అంటుకుని గాలిబుడగలు, ముక్కు చీదినప్పుడు వచ్చేలాంటి తీగలు. నాలుగు నత్తలు వెల్లకిలా పడి చచ్చి ఉన్నాయి. సాయంత్రం లైట్లు ఆర్పాక గంటకు చూస్తే ఆ జిగురు సగం మాయం. పొద్దున లైట్లు వేసిన మూడు గంటలకు మళ్లీ ప్రత్యక్షం.

కాస్త జిగురు తీసి సీసాలో నీళ్లతో గిలకొట్టి, కాఫీ ఫిల్టరు కాగితంలోంచి వడగట్టి, ఆ వడగట్టిన నీళ్లను వెలుతురులో పెట్టాను. గంటలో అడుగున మళ్లీ తీగలు కట్టాయి. నాచు అయితే అలా చేయదు, డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులే అలా చేస్తాయి. అయితే ఏ రకం అన్నది ముఖ్యం. కింది అంతస్తులో డయాగ్నోస్టిక్ ల్యాబ్ ఉంది. అక్కడి టెక్నీషియన్‌ను బతిమాలితే ఒక చుక్క స్లైడ్ మీద పెట్టి చూపించాడు. సాగదీసిన నీటిబొట్టు ఆకారంలో కణాలు, ఒక్కోటీ కొన దగ్గర ఏదో దారంతో కట్టినట్టు, గానుగెద్దులా ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది. “ఇదేం రక్తం సార్?” అన్నాడతను నవ్వుతూ.

ఆ తిరుగుడు ఆస్ట్రియాప్సిస్ అనే రకానిది. నత్తలు చచ్చాయంటే దానికి అర్థం అక్కడ దొరికింది, ఈ జాతి విషం చేస్తుంది. 2005లో ఇటలీలోని జెనోవా తీరంలో ఇది విపరీతంగా పెరిగినప్పుడు సముద్రపు గాలి పీల్చిన సుమారు 200 మందికి జ్వరం, దగ్గు, ఊపిరి ఇబ్బంది వచ్చాయి. అందుకని ఆ ట్యాంకులో చేతులు పెట్టినన్నాళ్లూ గ్లవ్స్ వేసుకున్నాను. రాళ్లు బయటికి తీసి బ్రష్షుతో రుద్దే పని పెట్టుకోలేదు.

ఇప్పుడు యూవీ గురించి నా నిర్ణయం తిరగబడింది. కారణం ఒక్కటే: రాత్రిపూట ఆ జిగురు సగం మాయమవడం. ఆస్ట్రియాప్సిస్ చీకటి పడగానే రాళ్లు వదిలి నీళ్లలోకి లేస్తుంది. రాత్రంతా నీళ్లలోనే తిరుగుతుంది. దగ్గర్లో వెతుక్కోవాల్సిన చేపంటూ దానికి లేదు, గంటల కొద్దీ తేలుతుంది. అంటే యూవీ గొట్టంలోకి తనంతట తానే వస్తుంది. అదే ఆంఫిడినియం అనే ఇంకో రకం అయి ఉంటే, అది రాత్రీ పగలూ ఇసుకను వదలదు, ఎంత పెద్ద యూవీ అయినా దండగే. రాళ్లకు పట్టే వెంట్రుక నాచుకు, ఎర్రటి సయనోబ్యాక్టీరియా పొరకు కూడా అంతే. ఇచ్‌కి వద్దన్న చేత్తోనే దీనికి 55 వాట్లది తెప్పించాను. డాక్టర్ గారు నన్ను ఒక చూపు చూశారు. ఆ చూపుకు నేను అర్హుణ్నే.

బిగించిన తీరు

పాత తప్పులు ఒక్కటీ మళ్లీ జరగకూడదని మా కుర్రాడితో కూర్చుని చేశాం. దీనికి వేరే పంపు పెట్టాం. నీళ్లు సంప్ నుంచి కాకుండా తిన్నగా పెద్ద ట్యాంకు నుంచి తీసుకుని, అటు చివర వదిలేలా పైపు వేశాం. సంప్‌లో పెడితే ఓవర్‌ఫ్లో దాకా వచ్చినవే దొరుకుతాయి.

పంపు డబ్బా మీద 1,500 లీటర్లని ఉంది. రెండు మలుపులు, ఎత్తు కలిపితే ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు, కొలవాల్సిందే. 20 లీటర్ల పెయింటు బకెట్ పెట్టి ఫోన్లో స్టాప్‌వాచ్ చూశాం: 72 సెకన్లు. అంటే గంటకు 1,000 లీటర్లు. తయారీదారు ప్రోటోజోవాకు రాసిన అంకె లోపలే ఉంది. ట్యాంకు లెక్కన గంటకు 1.6 సార్లు. రాత్రి రెండు గంటలు గడిచేసరికి తేలుతున్నవాటిలో 96 శాతం ల్యాంపు ముందు నుంచి పోయినట్టే.

పంపు, యూవీ రెండింటికీ ఒకటే స్విచ్. ఒకటి ఆగితే రెండోదీ ఆగాలి. లైను ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) మీద. వైరు ప్లగ్గులోకి పోయేముందు కిందికి వేలాడేలా వంపు, ఉప్పునీళ్లు కారినా వంపు దగ్గరే బొట్టుగా పడిపోతాయి. రెండు వైపులా యూనియన్లు (చేత్తో విప్పే పైపు జాయింట్లు), ఎందుకంటే విప్పడానికి వీలుగా లేని యూవీని ఎవరూ విప్పరు, నాతో సహా. వెలుగుతున్న ల్యాంపును నేరుగా చూడొద్దని కాంపౌండరుకు రెండుసార్లు చెప్పాను.

యూవీ ఒక్కటే పెట్టి కూర్చుంటే అది తగ్గి, మళ్లీ వచ్చేది. పోషకాలు సున్నాకు దిగడంతోనే మామూలు నాచు, బ్యాక్టీరియా పోటీలోంచి తప్పుకుని దీనికి ఖాళీ దొరికింది. కాబట్టి నైట్రేట్‌ను 8 పీపీఎం దాకా, ఫాస్ఫేట్‌ను 0.08 దాకా పెంచాం. అక్వేరియం పనిలో నాచు పెరిగేలా ఎరువు వేయడం మా కుర్రాడికి మహా వింతగా అనిపించింది. విషాన్ని పీల్చడానికి కొత్త కార్బన్ పెట్టి నాలుగు రోజులకోసారి మార్చాం. నీళ్లు మార్చడం ఆపేశాం.

నాలుగో రోజుకు తీగలు పలచబడ్డాయి. పదో రోజుకు రాళ్ల మీద మిగిలింది దుమ్ములాంటి గోధుమ పొర, బుడగల్లేవు. ల్యాబ్ టెక్నీషియన్‌కు మళ్లీ స్లైడ్ ఇచ్చాం. మూడు చుక్కలు వెతికితే ఒక్కటి కనిపించింది, అదీ తిరగడం లేదు. తర్వాత కొన్నాళ్లకు గ్లాసు మీద పచ్చటి పొర రావడం మొదలైంది. నా ఉద్యోగంలో పచ్చ నాచు చూసి సంతోషించిన రోజు అదొక్కటే.

78వ రోజున చేపలు ట్యాంకులోకి తిరిగొచ్చాయి. బ్లూ ట్యాంగ్ నేరుగా తన పాత బొరియలోకే పోయింది.

తీసేయాలా, ఉంచాలా

ఇది అసలు కష్టమైన నిర్ణయం. పెట్టినదాన్ని తీయమంటే క్లయింటుకు భయం. ఉంచితే నష్టమేమీ లేదు కదా అన్నారు. కొంత నిజమే. అందరూ భయపడే నష్టం నిజంగా ఉండదు: అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా రాళ్లకు, ఇసుకకు, స్పాంజికి పట్టుకుని ఉంటుంది, యూవీ దాన్ని తాకదు. కొత్తగా సీసాలోంచి బ్యాక్టీరియా పోసిన రెండు మూడు రోజులు మాత్రం ఆపుకోవాలి.

ఖర్చు ఇంకోచోట ఉంది. 55 వాట్లు రోజంతా అంటే 1.32 యూనిట్లు, నెలకు 40. అందులో చాలా భాగం వేడిగా నీళ్లలోకే పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో చిల్లర్ ఎలాగూ రొప్పుతూ ఉంటుంది, ఈ వేడిని కూడా అదే తోడాలి. ఏడాదికి ఒక ల్యాంపు. మూడు నెలలకోసారి తొడుగు తీసి వెనిగర్‌లో నానబెట్టి తుడవాలి. వీటన్నిటికన్నా నాకు నచ్చనిది ఒకటుంది: యూవీ వెలుగుతూ ఉంటే ఆవిడ కొత్త చేపను తిన్నగా ట్యాంకులో వదిలేస్తారు. పాత 11 వాట్లదే పౌడర్ బ్లూను దర్జాగా లోపలికి పంపింది. “యూవీ ఉందిగా అనుకున్నానండీ” అన్నారు కూడా.

ఆరు వారాలు నడిపి తీసేశాం. ముందు ఒక వారం రాత్రులు మాత్రమే, తర్వాత పూర్తిగా బంద్. ఆ వారం నైట్రేట్ 6, ఫాస్ఫేట్ 0.06 దగ్గర నిలబడ్డాయి. జిగురు రాలేదు. తొడుగు కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి పైపులతో సహా స్టోరు గదిలో పెట్టాం. యూనియన్ల దగ్గర వాల్వులు మూసి ఉన్నాయి, కావాలంటే పావుగంటలో మళ్లీ ఎక్కుతుంది. రెండు టబ్బుల్లో ఒకటి మాత్రం స్టోరు గదిలోంచి కదల్లేదు. స్పాంజి నానుతూనే ఉంది. పదిహేను రోజుల క్రితం కొన్న ఫ్లేమ్ ఏంజెల్ ప్రస్తుతం దాంట్లోనే ఉంది. కాంపౌండరు రోజూ దానికి మేత వేసి, మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నాయో పుస్తకంలో రాస్తున్నాడు.

పోయిన వారం డాక్టర్ గారు ఇంకో ప్రశ్న తెచ్చారు. కొత్త బ్రాంచిలో పిల్లల సెక్షన్‌కు గోడ పొడుగునా నాలుగు చిన్న ట్యాంకులు, అన్నిటికీ కింద ఒకటే సంప్. “దీనికీ వద్దంటారా?”

దీనికి కావాలన్నాను. నాలుగు ట్యాంకుల నీళ్లూ కిందికి దిగి, ఒకటే పైపులో పైకెక్కి, మళ్లీ నాలుగు దారులవుతాయి. ఒక ట్యాంకులో పుట్టిన పిల్ల పక్క ట్యాంకు చేపను చేరాలంటే ఆ ఒక్క పైపు దాటి తీరాలి. ఒకే ట్యాంకు లోపల రోగాన్ని అది ఆపదు, ఒక ట్యాంకు నుంచి ఇంకోదానికి పాకడాన్ని మాత్రం చాలావరకు ఆపుతుంది. భీమిలి హ్యాచరీలోలాగే. ఫిల్టరు సాక్ తర్వాత, పైపు నాలుగుగా చీలకముందు, రిటర్న్ లైను మీదే బిగించాలి. ఫ్లో ప్రోటోజోవా అంకె దాటకూడదు కాబట్టి రిటర్న్ పంపు చిన్నది సరిపోతుంది, ట్యాంకుల్లో అలలకు విడిగా వేవ్‌మేకర్లు పెట్టుకుందాం. డ్రాయింగు పంపాను. కార్పెంటరు స్టాండు కొలతలు అడుగుతున్నాడు. యూవీ గొట్టం పొడవుకు తొడుగు బయటికి లాగేంత ఖాళీ పక్కన వదలమని, అంటే ఇంకో రెండున్నర అడుగులు, ఇందాకే అతనికి ఫోన్ చేసి చెప్పాను.